ఆర్గాన్ మోగితే లేచి నిలబడే ఊళ్ళలో

ఉద్యోగ విరమణ అనే మాట నా వయసువాడు వాడితే వినేవాళ్ళకు నవ్వొస్తుంది. తల నెరవలేదు, పింఛను లేదు, ఎవరూ శాలువా కప్పలేదు. అయినా ఈ పని వరకు నేను రిటైరైనవాణ్ణే. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో పిల్లలకు ఆర్గాన్ సంగీతం వినిపించడం, అందులోనూ హుషారైన రకం వినిపించడం, నాకంటే ముందు ఎవరికీ ఉద్యోగంగా లేదు. నా తర్వాత రఘునాథపల్లి నుంచి మౌనిక అనే అమ్మాయి చేరుతోంది. సంగీతం చదువుకుంది, నాకంటే బాగా వాయిస్తుంది. "అన్నా, నాకు పాటలు వచ్చు. పని రాదు. పని ఏందో జర రాసియ్యి" అంది. ఆమె కోసమే ఇది. జీతం, సెలవులు, ప్రయాణ బిల్లుల సంగతి ఈ పని పెట్టించిన హైదరాబాదు ట్రస్టువాళ్ళు చెప్తారు. వాళ్ళు చెప్పనివి నేను చెప్తాను.

పెట్టె

మన ఆర్గానుకు గొట్టాలుండవు. చూడటానికి అద్దంలేని బీరువాలా ఉంటుంది. లోపల వరసగా ఇత్తడి నాలుకలు, కింద తోలు తిత్తి. తిత్తి ఆడితే గాలి కదులుతుంది, మీట నొక్కితే ఆ గాలి ఒక నాలుకను ఆడిస్తుంది. ఇంతే యంత్రం. కానీ ఒక ధూళి రేణువు చాలు, నాలుక మూగబోతుంది. ఎలుక ఒక్క చోట తోలు కొరికితే మొత్తం పెట్టెకు ఆయాసం వస్తుంది. కాబట్టి నీ సంచిలో ఇవి ఎప్పుడూ ఉండాలి: మెత్తటి బ్రష్షు, తోలు ముక్కలు, జిగురు, సన్నటి ఆకురాయి, టార్చి, పాత నూలు బట్టలు. భూపాలపల్లి వెళ్ళేటప్పుడు బట్టలు ఎక్కువ తీసుకెళ్ళు. బొగ్గు లారీలు తిరిగే రోడ్డు పక్కన బడి ఉంటే ఒక్క పాట అయ్యేసరికి తెల్ల మీటల మీద నీ వేళ్ళ గుర్తులు నల్లగా కనిపిస్తాయి.

ఆర్గాను ట్రస్టుది కాదు. డోర్నకల్‌లో రైల్వే క్వార్టర్ల వెనక ఉన్న ఒక చిన్న క్రైస్తవ ప్రార్థన హాలుది. పెద్దలు ఒక షరతు మీద ఇచ్చారు. ఎక్కడికైనా తీసుకెళ్ళండి, కానీ మా సంఘంలో ఎవరైనా చనిపోయిన రోజు పెట్టె ఇక్కడ ఉండాలి.

ఆ షరతు విన్నప్పుడు నేను తల ఊపాను. దాని బరువు తెలియడానికి కొన్ని నెలలు పట్టింది.

అందరూ లేవడం

ఆ హాల్లోకి చాలా ఏళ్ళ కిందటే కరెంటు కీబోర్డు వచ్చింది. దానిలో డ్రమ్ములు కూడా వాటంతటవే మోగుతాయి. కుర్రవాళ్ళు ఆదివారాలకు అదే కావాలన్నారు. ఆర్గానును మూలకు జరిపారు. కానీ మనిషి పోయినప్పుడు మాత్రం ముసలివాళ్ళు పాత శబ్దమే కావాలనేవారు. అలా ఆ పెట్టె చావులకు మిగిలింది. దాని శబ్దం వీధి చివరి దాకా వినిపిస్తుంది. వినగానే క్వార్టర్లలో అందరూ, ఏ మతం వాళ్ళయినా, ఉన్నచోట లేచి నిలబడతారు. టీ కొట్టు బల్ల మీద కూర్చున్నవాళ్ళు గ్లాసు పక్కన పెట్టి లేస్తారు. మంచి ఆచారం. ఇప్పటికీ అదే అంటాను.

నా పనికి మాత్రం అంతకంటే పెద్ద అడ్డంకి లేదు. వాళ్ళ చూపులో హుషారు పాటా, ఏడుపు పాటా ఒకటే. శబ్దం వినగానే పిల్లలు లేచి, చేతులు కట్టుకుని, తల దించుకునేవారు. నేను ఎంత వేగంగా వాయిస్తే అంత భక్తిగా నిలబడేవారు. ఈ శబ్దం వింటే చావు గుర్తుకు రాని పిల్లలను కొందరినైనా తయారు చేయడం, నిజానికి నా ఉద్యోగం అదొక్కటే.

నాకు వాయించడం నేర్పినవారు ఆనందం సారు. రైలు గార్డుగా పనిచేసి దిగినాయన. నేర్చుకునే రోజుల్లోనే ఆయన చెప్పారు.

"ఏడిపిచ్చుడు అల్కన బిడ్డా. నాలుగు మీటలు మెల్లగ వత్తు, రాయి గూడ ఏడుస్తది. కూసున్నోని కాలు కదిలిచ్చుడు కష్టం."

"మీరు ఎవరి కాలైనా కదిలిచ్చిన్రా సారు?"

"మా ఆవిడది. అది గూడ లోపలికి పోయి తలుపేసుకునేటందుకు."

జనగామలో మా నాయినకు ఇనుప సామాన్ల దుకాణం ఉంది. ఆయన అభిప్రాయమూ ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే నీ ఇంట్లోనూ ఇలాంటిదే వింటావు. "పాలిటెక్నిక్ చదివిపిస్తె పీనుగుల పెట్టె మోస్తున్నవారా? దుకాణంల కూసొని బోల్టులు అమ్మరాదు? బోల్టులకు ఎవలు ఏడ్వరు."

మోటారు

చదివింది మెకానికల్ కాబట్టి మొదట యంత్రాన్నే బాగుచేశాను. కాళ్ళతో తొక్కే పని లేకుండా తిత్తికి చిన్న మోటారు బిగించాను. గాలి సమంగా వచ్చింది, ధ్యాసంతా చేతుల మీదే నిలిచింది, నా వేగం పెరిగింది. ఆ మోటారు చూసి నేను చాలా మురిసిపోయాను. బచ్చన్నపేట దగ్గర ఒక బడిలో అది ఆన్ చేసి నా దగ్గరున్న అన్నిటికంటే చురుకైన పాట వాయించాను. పాట అయ్యాక ఒక టీచరు అడిగింది: "సార్, గిది దానంతటదే మోగుతదా? మీరు ఊకె చేతులు పెట్టిన్రా?"

ఆమె తప్పు లేదు. పిల్లల కళ్ళకు ఆ పెట్టెలో మనిషి శ్రమ ఏదీ కనబడలేదు. శ్రమ కనబడని చోట కాలు కదలదు. ఇది సంగీతం పుస్తకాల్లో ఉందో లేదో నాకు తెలియదు, నా అనుభవంలో ఉంది. మోటారు తీసేశాను. పెట్టె పక్కన ఒకప్పుడు రెండో మనిషి పట్టుకుని ఊపడానికి ఒక చెక్క పిడి ఉండేదని మిగిలిన రంధ్రాన్ని బట్టి తెలిసింది. టేకు చెక్కతో కొత్త పిడి చేయించి పెట్టాను. వినడానికి వచ్చినవాళ్ళలో ఒకరు ఆ పిడి ఊపితేనే గాలి. గాలి ఉంటేనే పాట అని నా లెక్క.

పిడి పెట్టాను గానీ పట్టుకునేవాళ్ళు లేరు. చావు పెట్టెను ముట్టుకోవడానికి పిల్లలు భయపడేవారు, మళ్ళీ నేనే కాళ్ళతో తొక్కుకునేవాణ్ణి.

స్వప్న

ఒక శనివారం హాల్లో ఒక్కణ్ణే సాధన చేస్తుంటే ఇంటర్ చదివే అమ్మాయి విసురుగా వచ్చింది. రైలు పట్టాల మీద గ్యాంగు పని చేసే మల్లయ్య కూతురు. పేరు స్వప్న. వెనకాల ఆమె స్నేహితురాలు శ్రావణి.

"అన్నా, జర చెప్పి వాయించొచ్చు గదా! మా అవ్వ పొద్దటి సంది గంజి గూడ ముట్టలే. ఎవలు సచ్చిన్రు, ఎవలు సచ్చిన్రు అని ఒక్కటే పరేషాన్."

"ఎవరూ చావలేదమ్మా. నేర్చుకుంటున్నా."

"చావకుండ గిది వాయిస్తరా?"

"వాయిస్తారు. కూర్చో, వినిపిస్తా."

"కూసొని ఇంటరా గిది?" అని శ్రావణి వైపు చూసింది. ఇద్దరూ నవ్వాపుకున్నారు. తర్వాత స్వప్న బల్ల మీద కూర్చుంది, శ్రావణి కూర్చోలేదు.

నేను వాయించింది ఎప్పుడో యూరప్‌లో ఆర్గాను కోసమే రాసిన పాట. కుడిచేతి స్వరాలను ఎడమచేతి స్వరాలు తరుముతుంటాయి, ఎక్కడా అందవు. సగంలో బల్ల మీద చప్పుడు వినిపించింది. స్వప్న అరచేతులతో బల్ల కొడుతోంది.

"గూడ్సు బండి లెక్క ఉందే ఇది! లోడు బండి గాదు, ఖాళీ గూడ్సు. లోడు బండి మూల్గుకుంట పోతది. ఖాళీది ఎగురుకుంట పోతది."

జంక్షను ఊళ్ళో పుట్టి పెరిగిన పిల్ల చెవి అది. ఆ పాటకు ఒక పొడుగాటి విదేశీ పేరుంది. ఆ రోజు నుంచి దాన్ని మేమెవరం ఆ పేరుతో పిలవలేదు. ఖాళీ గూడ్సు, అంతే. పిడి పట్టుకుని ఊపిన మొదటి మనిషి కూడా ఆమే. గట్టిగా ఊపేది, పాట పరుగెత్తేది, నేను వెంట పడేవాణ్ణి.

మరుసటి శనివారానికి నలుగురిని పట్టుకొచ్చింది. తర్వాత హాలు బల్లలు చాలలేదు. ఎవరైనా కొత్తవాళ్ళు శబ్దం వినగానే అలవాటుగా లేస్తే స్వప్న పిడి ఆపకుండానే అరిచేది: "కూసోండ్రి, ఎవలు సావలే!" హాలంతా నవ్వేది. కొన్నాళ్ళకు అది మా ఆనవాయితీ అయింది. నేను మొదటి మీట నొక్కగానే పిల్లలంతా ఒక్కసారి లేచి, "కూసోండ్రి, ఎవలు సావలే!" అని అరిచి, దబ్బున కూర్చునేవారు. ఆనందం సారు ఒకసారి వచ్చి విని, వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర చేతికర్రతో తాళం వేశారు. ఆయన దగ్గర నాకు దక్కిన మెప్పు అదొక్కటే.

మౌనికా, ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకో. పిల్లలను సంగీతానికి దగ్గర చేసింది నేను కాదు, నా ఉపన్యాసాలు కాదు. వాళ్ళలో ఒకరు. అలాంటి ఒకరి కోసం వెతుకు. ట్రస్టు మేడం హైదరాబాదు నుంచి ఫోన్ చేసి, "శ్రీకాంత్ గారూ, పిల్లలు చప్పట్లు కొడుతున్నట్టు ఫొటోలు పంపండీ, వెనకాల బ్యానరు కనపడాలి" అంటారు. పంపు. కానీ అది పని అనుకోకు.

ఊరేగింపు

వానాకాలంలో స్వప్నకు జ్వరం వచ్చింది. ఊళ్ళో సూదులు వేయించారు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది. ఖమ్మం దవాఖానకు తీసుకెళ్ళేసరికి రక్తంలో కణాలు పడిపోయాయన్నారు. డెంగీ. శనివారం పిల్లలంతా పిడి దగ్గర ఎవరు నిలబడాలని వాదులాడుకుంటుంటే శ్రావణికి ఫోన్ వచ్చింది. ఫోన్ పట్టుకునే ఆమె నేల మీద కూర్చుండిపోయింది.

మరుసటి రోజు మల్లయ్య ఇంటి ముందు డప్పులు వచ్చి ఉన్నాయి. పిల్లలు గుంపుగా వెళ్ళి ఆర్గాను తెస్తామన్నారు. మల్లయ్య వద్దన్నాడు. "డప్పులున్నయి గదా. మనది గాదు గా పెట్టె, మనకెందుకు?"

లోపలి నుంచి తల్లి లక్ష్మక్క గొంతు వచ్చింది. "తెమ్మనుండ్రి. దానికి గదంటే పానం."

పెట్టెను ట్రాలీ ఆటో మీదకు ఎక్కించాం. తొక్కడానికి అక్కడ నా కాళ్ళకు చోటు లేదు కాబట్టి శ్రావణి పిడి దగ్గర నిలబడింది. ఊరేగింపు రైల్వే గేటు దాటగానే నేను నెమ్మది పాట ఒకటి మొదలుపెట్టబోయాను. సరైనది అదేననుకున్నాను. శ్రావణి పిడి ఊపడం ఆపేసింది. గాలి లేక మీటలు చప్పుడు చేయలేదు.

"గది గాదన్నా. ఖాళీ గూడ్సు వాయించు. గా ఏడుపు పాట వాయిస్తె తిడతది."

"శ్రావణీ, ఇది..."

"వాయించు అంటున్న గదా!"

వాయించాను. ముందు నడుస్తున్న డప్పులవాళ్ళు ఆగి వెనక్కు చూశారు. రోడ్డు పొడుగునా జనం లేచారు. కొట్ల ముందు, ఆటోల్లో, బస్టాపులో. డప్పులవాళ్ళలో పెద్దాయన తన డప్పు ఒకసారి చెవికి దగ్గరగా పెట్టుకుని, పాట నడక పట్టుకుని, మెల్లగా కొట్టడం మొదలుపెట్టాడు. మా పిల్లలు నడుస్తున్నారు. ఒక్కరూ అరవలేదు. అరవవలసిన మాట ఏమిటో అందరికీ తెలుసు. నేను ఆ పాటను నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ వాయించలేదు. వాగు దాకా అదే పాట, మళ్ళీ మళ్ళీ.

అలా వాయించడం సరైనదేనా అని నన్ను చాలామంది అడిగారు. మనిషిగా నాకు వేరే దారి లేదు. ఈ వృత్తి లెక్కలో చూస్తే, కొన్నేళ్ళు కష్టపడి చావు నుంచి విడిపించిన ఒక పాటను ఒక్క మధ్యాహ్నంలో తిరిగి చావుకు అప్పగించాను.

ఫోన్లలో పాట

ఎవరో ఆ ఊరేగింపును ఫోన్‌లో తీశారు. డప్పూ, ఆర్గానూ, ఏడుస్తున్న పిల్లలూ. వారం తిరగకుండా మూడు జిల్లాల్లో అది చూడని ఫోన్ లేదు. మేడం వెంటనే ఫోన్ చేశారు. "ఇదండీ మనకు కావలసింది! ఇన్నేళ్ళుగా మీరు చేసినదంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఎంతమంది వింటున్నారో చూశారా?"

"చచ్చిపోయింది మా పిల్లండీ."

"అయ్యో, అవునండీ, పాపం. నేననేది..." ఆమె ఏమనబోయారో నేను వినలేదు. చెడ్డ మనిషి కాదు. ఎంతమంది విన్నారన్నదే ఆమెకు కొలత. ఎలా విన్నారన్నది కొలవడానికి ఆమె దగ్గర సాధనం లేదు.

తర్వాత కబుర్లు రావడం మొదలైంది. "అన్నా, మా బాపు పోయిండు, గా గూడ్సు బండి పాట వాయించాలె." ఇంతకుముందు హాలు సంఘం చావులే ఉండేవి, ఇప్పుడు ఊళ్ళ చావులన్నీ. కాదనగలిగిన చోట కాదన్నాను. కొన్నిచోట్ల కాదనలేకపోయాను. తండ్రి శవం పక్కన నిలబడి అడిగేవాడికి నీ వృత్తి సూత్రాలు చెప్పలేవు.

శనివారాలు పిల్లలు వచ్చేవారు. నేను మొదటి మీట నొక్కగానే లేచేవారు. అరుపు లేదు. కూర్చోవడమూ లేదు. వేరే పాటలు ప్రయత్నించాను. నాకు వచ్చిన చురుకైనవన్నీ వరసగా వాయించాను. పరుగెత్తే పాట ఏదైనా వాళ్ళకు ఖాళీ గూడ్సే. కొన్ని వారాలకు శ్రావణి పిడి వదిలేసింది. "చేతులు లేస్తలేవన్నా" అంది. తర్వాత ఒక్కొక్కరే రావడం మానేశారు.

కొత్త చోట కొత్తగా మొదలుపెడదామని భూపాలపల్లి వెళ్ళాను. గని కార్మికుల పిల్లలు చదివే బడి. స్వప్న ఎవరో తెలియనివాళ్ళు. చాప పరిచి అందరినీ కింద కూర్చోబెట్టాను, లేవడానికి బద్ధకించాలని. పెట్టె తెరిచి ఇత్తడి నాలుకలు చూపించాను, ముట్టుకోనిచ్చాను. బాగా నవ్వారు. నా పక్కన కూర్చుని ఒక చిన్న పిల్ల, "లోపల ఎలుకలుంటయా సార్?" అని అడిగింది. ఈసారి దారి దొరికిందనుకుని వాయించడం మొదలుపెట్టాను.

చాప మీద పిల్లలు లేచి నిలబడ్డారు. అందరూ. ఎలుకల సంగతి అడిగిన పిల్ల కూడా.

పాట ఆపి అడిగాను. "ఎందుకు లేచిండ్రు?"

"సచ్చిపోయిన అక్క పాట గదా సార్."

పక్కనున్న మాస్టారు గర్వంగా అన్నాడు: "మా పిల్లలకు మర్యాద ఎక్కువ సార్. చెప్పకముందే లేస్తరు."

ఆ రోజు మీటల మీద బొగ్గు దుమ్ము తుడుస్తూ నిర్ణయించుకున్నాను. అలసిపోయి కాదు, అలిగి కాదు. నా చేతులు మొదలుపెట్టగానే వాళ్ళకు ఆ ట్రాలీ ఆటో కనబడుతుంది. వేరే చేతులు కావాలి. అందుకే నువ్వు.

చివరి శనివారం

పని అప్పగించడానికి నిన్ను హాలుకు రమ్మన్నాను. క్వార్టర్ల పిల్లలు కొందరు, ఎక్కువగా చిన్నవాళ్ళు, కొత్త టీచరును చూడటానికి వచ్చారు. తలుపు దగ్గర లక్ష్మక్క నిలబడి ఉంది. కూతురు పోయాక ఆమె ఇటు వైపు రావడం అదే మొదలు.

"నువ్వు పోతున్నవంటగా సారు. పొయ్యే ముంగట ఒక్కసారి గా పాట వాయించు. గా దినం నాకు ఇనబడలే."

ఇప్పుడు వద్దక్కా అన్నాను. పిల్లలున్నారన్నాను.

"ఉండనియ్యి. నా బిడ్డ గూడ పిల్లల నడుమనే ఇనేది." ఆమె హాల్లోకి వచ్చి బల్లలన్నీ ఒకసారి చూసింది. "యాడ కూసునేది?"

ముందు వరస చివరి బల్ల చూపించాను. అరచేతులు పడి పడి అక్కడ చెక్క నునుపెక్కి ఉంటుంది. ఆమె అక్కడ కూర్చుని, చెయ్యి ఆ చోటు మీద పెట్టింది.

నువ్వు పిడి పట్టుకున్నావు. నేను మొదటి మీట నొక్కాను. పిల్లలు లేచారు. చేతులు కట్టుకుని, తలలు దించుకుని, ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళు ఎలా నిలబడతారో అలా.

లక్ష్మక్క వెనక్కు తిరిగి వాళ్ళను చూసింది.

"కూసోండ్రి" అంది.

పిల్లలు ఆమె ముఖంలోకే చూస్తున్నారు. ఆ మాట వెనక రావలసిన రెండో సగం వాళ్ళకూ తెలుసు. నేను వాయిస్తూనే ఉన్నాను, నువ్వు ఊపుతూనే ఉన్నావు. లక్ష్మక్క పెదవులు ఒకసారి కదిలాయి. రెండో సగం రాలేదు.

ఒక్కరూ కూర్చోలేదు. ఆమె ముందుకు తిరిగి, పాట ఆఖరు దాకా, వాళ్ళందరి ముందు ఒక్కతే కూర్చుని విన్నది.